ఫోన్ పక్కన పెట్టమంటే సరిపోదండి

ఎడిటర్ గారికి నమస్కారం.

రాసుకునేవాళ్ళు, బొమ్మలేసేవాళ్ళు, ట్యూన్లు కట్టుకునేవాళ్ళు పని మీద మనసు ఎలా నిలుపుకోవాలి అని మీ ఆదివారం పేజీలో ఒక వ్యాసం వేశారు, చూసి చాలా సంతోషం వేసింది. ఆఫీసులో ఫోకస్ గురించి, పరీక్షలకి ఫోకస్ గురించి అందరూ రాస్తారు గానీ ఇలాంటి పనుల సంగతి ఎవరూ ఎత్తరు కదా. కానీ ఆ వ్యాసం మొదటి నుంచి చివరిదాకా ఒకటే మాట మీద తిరిగింది, క్రమశిక్షణ లేకే పని సాగట్లేదు, ఫోన్ పక్కన పడేసి గట్టిగా కూర్చుంటే అన్నీ అయిపోతాయి అని. నాకు అభ్యంతరం ఆ మాట దగ్గరేనండి. నేను పగలు ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్ళు పిల్లల కథలకి బొమ్మలు వేస్తాను, నా ఫ్రెండ్స్‌లో ఒకతను ట్యూన్లు చేస్తాడు, ఒకమ్మాయి షార్ట్ ఫిల్మ్‌లకి స్క్రిప్టులు రాస్తుంది, ఇంకొకాయన చాలాకాలంగా ఒక నవల మీద ఉన్నాడు. మేం కలిసినప్పుడల్లా తిరిగి తిరిగి వచ్చేది ఈ టాపిక్కే, కూర్చున్నాం గానీ పని జరగలేదు అని. వీళ్ళెవరూ బద్ధకస్తులు కాదు, రోజంతా ఒళ్ళు వంచి పనిచేసి వచ్చి మళ్ళీ కూర్చునేవాళ్ళే, అలాంటివాళ్ళని పట్టుకుని మీకు క్రమశిక్షణ లేదు అంటే వాళ్ళు నిజమేనేమో అనుకుని లోపల్లోపల కుంగిపోతారు, అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైనా పర్లేదని రాస్తున్నాను.

అసలు చెయ్యి ఫోన్ మీదకి ఎప్పుడు పోతుందో ఒక్కసారి గమనించండి. పని సాఫీగా నడుస్తున్నప్పుడు పోదు. ఒక బొమ్మ చెప్తాను, ఒక అమ్మమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని నడుస్తుంటుంది. మొహాలు వచ్చేస్తాయి, చీర మడతలు వచ్చేస్తాయి, అప్పటిదాకా ఫోన్ అనేది ఒకటుందని కూడా గుర్తుండదు. తర్వాత ఆ రెండు చేతులు కలిసే చోటు వస్తుంది, పెద్ద వేళ్ళ మధ్య చిన్న వేళ్ళు ఎటు దూరతాయి, బొటనవేలు పైకి కనపడాలా లోపలికి పోవాలా, ఒకసారి గీస్తే పట్టుకున్నట్టు కాదు లాగుతున్నట్టు వస్తుంది, చెరిపి మళ్ళీ గీస్తే చిన్న చెయ్యి కాస్తా పెద్దదైపోతుంది, మళ్ళీ చెరుపుతాం, కాగితం ఆ ఒక్క చోటే మసక బారుతుంది. సరిగ్గా అప్పుడే పెన్సిల్ కిందకీ చెయ్యి ఫోన్ మీదకీ పోతాయి, రెండూ ఒకేసారి, ఎవరో చెప్పి చేయించినట్టు. ఆ టైమ్‌లో ఫోన్ మోగలేదు, వెలగలేదు, మనమే పోయాం. ఎందుకు పోయాం అంటే తర్వాత ఏం చేయాలో తెలీలేదు కాబట్టి, తెలీకుండా కూర్చోవడం ఒంటికి ఇబ్బంది కాబట్టి.

ఇలాంటి పనులకీ మామూలు పనులకీ ఉన్న తేడా ఇదేనండి. బిల్లులు ఎంట్రీ చేస్తుంటే ఒకటయ్యాక ఇంకోటి ఎదురుగా ఉంటుంది, విసుగొస్తుంది గానీ దారి తెలుసు. కథలోనో బొమ్మలోనో పాటలోనో ప్రతి కాసేపటికీ దారి లేని చోటుకి వచ్చి నిలబడతాం, అది ఆ పని లక్షణం, చేసేవాళ్ళ లోపం కాదు. అందుకని డిస్ట్రాక్షన్ గురించి మాట్లాడేటప్పుడు బయట నుంచి ఏమొచ్చింది అని మాత్రమే కాకుండా లోపల పని ఎక్కడ ఆగింది అని కూడా అడగాలి అనేది నా మాట. కాలిఫోర్నియా యూనివర్సిటీలో గ్లోరియా మార్క్ అనే ప్రొఫెసర్ ఏళ్ళ తరబడి జనం పని చేసుకుంటుంటే పక్కనుండి గమనించి చూశారు, ఆవిడ చెప్పినవాటిలో నాకు బాగా పట్టుకున్నది ఏంటంటే పని మధ్యలో ఆగిపోవడాల్లో బయటవాళ్ళ వల్ల ఆగినవి ఎన్నో మనంతట మనం ఆపుకున్నవీ దాదాపు అన్ని ఉంటాయట. 2004 ప్రాంతంలో స్క్రీన్ మీద ఒక విషయం దగ్గర సగటున రెండున్నర నిమిషాలు నిలిచేవాళ్ళు, ఈమధ్య లెక్కల్లో అది 47 సెకన్లకి వచ్చింది. ఈ 47 సెకన్ల మాట అందరూ తిప్పి తిప్పి చెప్తారు గానీ మనంతట మనమే ఆపుకుంటాం అన్న సంగతి ఎవరూ చెప్పరు.

అట్లా అని ఫోన్‌కి ఏ పాపం తెలియదని అనట్లేదండి. కిందకి జరిపే కొద్దీ పేజీ అయిపోకుండా వస్తూనే ఉండే పద్ధతిని 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ తయారుచేశాడు, తర్వాత దాని గురించి ఆయనే బాధపడ్డాడు. పేజీ అడుగున నెక్స్ట్ అని బటన్ ఉన్న రోజుల్లో అక్కడ ఒక ఆగే చోటు ఉండేది, అక్కడికొచ్చాక చాల్లే అనుకుని లేచేవాళ్ళం, ఆ ఆగే చోటే తీసేశారు. ఐఫోన్‌లో యాప్‌లన్నీ వాటంతట అవి నోటిఫికేషన్లు పంపే ఏర్పాటు 2009లో వచ్చింది. ఇక ఎప్పుడు గింజ పడుతుందో తెలీకుండా పెడితే పావురం మీటని వదలకుండా పొడుస్తూనే ఉంటుంది అని స్కిన్నర్ అనే సైకాలజిస్టు ఎప్పుడో చూపించాడు, మనం రిఫ్రెష్ చేసేది కూడా అందుకే, ఈసారి ఏదో ఉండొచ్చు అని. కాబట్టి ఎదుటివైపు తయారీ గట్టిగానే ఉంది. కానీ అది మనల్ని పట్టుకునేది మనం ఇరుక్కున్న క్షణంలోనే, అందుకే ఆ క్షణానికి ముందే ఏర్పాటు చేసుకోవాలి, అప్పటికప్పుడు మనసు గట్టి చేసుకోవడం అయ్యే పని కాదు.

ఇంకో సంగతి. 2009లో సోఫీ లెరాయ్ అనే ఆవిడ ఒక పరిశోధన రాశారు, ఒక పని నుంచి ఇంకో పనికి మారినా మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుంది, ఆ పాత పని సగంలో వదిలేసి వస్తే ఇంకా ఎక్కువ ఉండిపోతుంది అని. మరి రాసేవాళ్ళకీ గీసేవాళ్ళకీ పని ఎప్పుడూ సగంలోనే కదండీ ఉండేది, నవల ఒక్క పూటలో అవదు కదా. అందుకే ఆఫీసు నుంచి వచ్చి కూర్చుంటే మొదటి అరగంట ఆఫీసే బుర్రలో తిరుగుతుంది, పొద్దున ఆఫీసులో కూర్చుంటే రాత్రి కథ తిరుగుతుంది, రెండు చోట్లా సగం మనిషే ఉంటాడు. ఇది తెలీక నాకు ఏకాగ్రత లేదు అని తిట్టుకునేవాళ్ళు ఎంతమందో.

బయట మనిషి మీద నెపం పెట్టడం ఇవాళ్టిది కాదు. కోల్‌రిడ్జ్ అనే ఇంగ్లీష్ కవి 1797లో కలలో వచ్చిన పెద్ద కవిత లేచి రాసుకుంటుంటే పోర్లాక్ అనే ఊరి నుంచి ఎవరో పని మీద వచ్చి గంటకు పైగా కూర్చున్నాడట, ఆయన వెళ్ళాక చూస్తే మిగతాదంతా మర్చిపోయాడట, కుబ్లా ఖాన్ అనే ఆ కవిత 54 లైన్ల దగ్గర ఆగిపోయింది, 1816లో అలాగే అచ్చేశారు. అప్పట్నుంచీ పాపం ఆ పోర్లాక్ మనిషిని అందరూ ఆడిపోసుకుంటూనే ఉన్నారు. అయితే అసలు అలాంటి మనిషి రానే లేదేమో, కవిత ముందుకి పోక ఆగిపోయి ఉంటుంది, దానికి ఈ కథ చెప్పి ఉంటాడు అని అనుమానించినవాళ్ళు కూడా ఉన్నారు. ఏది నిజమో గానీ నాకు రెండో మాటే ఎక్కువ దగ్గరగా అనిపిస్తుంది, ఇరుక్కున్నప్పుడు తలుపు తట్టినవాడు ఎవడైనా సరే మనం ఎదురెళ్ళి తలుపు తీస్తాం.

ఇప్పుడు మీ వ్యాసంలో అసలు రాని ఒక విషయం చెప్తాను, నాకు తెలిసినవాళ్ళలో ఎక్కువమంది పోగొట్టుకునే టైమ్ ఇక్కడే. పనిలాగా కనపడే డిస్ట్రాక్షన్. మా ట్యూన్ల ఫ్రెండ్ దగ్గర కూర్చుని చూడండి, ఒక నాలుగు బార్ల ముక్క, అంటే నాలుగు తాళం చుట్లంత ట్యూన్, వచ్చింది, చాలా బాగుంది, దాని తర్వాత పాట ఎటు పోవాలో తెలీలేదు. అప్పుడు ఏం చేస్తాడంటే ఆ నాలుగు బార్లనే లూప్‌లో పెట్టి డ్రమ్ సౌండ్ మారుస్తాడు, ఇది కాదు ఇంకాస్త పొడిగా ఉండాలి అంటాడు, సౌండ్ల ఫోల్డర్ తెరుస్తాడు, ఒక్కోటి నొక్కి వింటాడు, టక్ టప్ టక్, అవి చాలక కొత్త ప్యాక్ డౌన్‌లోడ్ చేస్తాడు, అది ఎలా వాడాలో వీడియో చూస్తాడు, ఆ వీడియో పక్కన ఇంకో వీడియో. రాత్రి అయిపోయింది. ఆ మనిషి ఒక్క నిమిషం కూడా ఖాళీగా లేడు, సోషల్ మీడియా తెరవలేదు, హెడ్‌ఫోన్స్ తియ్యలేదు, అయినా పాట నాలుగు బార్ల దగ్గరే ఉంది. స్క్రిప్టుల అమ్మాయికి ఇదే రీసెర్చ్ రూపంలో వస్తుంది, పాత కాలం టెలిగ్రాఫ్ ఆఫీసులో ఒక చిన్న సీన్ ఉంటే ఆ కౌంటర్ ఎలా ఉండేది, గుమస్తా ఎలాంటి చొక్కా వేసుకునేవాడు అని మొదలుపెట్టి ఎక్కడికో పోతుంది. నాకు కొత్త బ్రష్‌ల రూపంలో, నవల ఆయనకి ఫాంట్లు, నోట్స్ యాప్‌ల రూపంలో వస్తుంది. ఫోన్ పక్కన పెట్టమన్న సలహా వీటిల్లో దేన్నీ ఆపలేదు.

దీనికి మాకు పనికొచ్చిన పద్ధతి చాలా మామూలుది. పనిలో ఉండగా ఏదన్నా వెతకాలి అనిపిస్తే వెతకం, ఆ చోట ఒక గుర్తు పెట్టి ముందుకెళ్ళిపోతాం. స్క్రిప్టులో అయితే రెండు చుక్కల గీతలు పెట్టి "చొక్కా సంగతి చూడాలి" అని రాసేసి తర్వాత డైలాగ్‌కి పోవడం, బొమ్మలో అయితే ఆ చేతుల చోటు ఒక సున్నా చుట్టి వదిలేసి చెట్టు దగ్గరికి పోవడం. ఆ గుర్తులన్నీ పోగేసుకుని అలిసిపోయిన ఇంకో పూట ఒకేసారి చూసుకుంటే సరిపోతుంది, పైగా సగం గుర్తులు అప్పటికి అక్కర్లేకుండా పోతాయి, ఆ సీనే లేచిపోతుంది. టూల్స్ కూడా అంతే, ఒక పని మొదలుపెట్టాక అది అయ్యేదాకా కొత్త బ్రష్, కొత్త యాప్, కొత్త సౌండ్ లేవు అనుకుంటే ఇరుక్కున్నప్పుడు పారిపోయే సందు ఒకటి మూసుకుంటుంది.

ఇక ఎక్కడ ఆపాలి అన్నది ఎలా మొదలెట్టాలి అన్నదానికంటే ముఖ్యం అని నాకు గట్టి నమ్మకం. హెమింగ్వే అనే అమెరికన్ రచయిత 1958లో అచ్చయిన ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు, తర్వాత ఏం జరుగుతుందో తెలిసిన చోట ఆపుతాను, రేపు మళ్ళీ అక్కడి నుంచి ఎత్తుకుంటాను అని. మనం సరిగ్గా తిరగేసి చేస్తాం, ఊపు ఉన్నంతసేపు లాగి లాగి ఒక్క ముక్క కూడా తోచని చోట ఆపి పడుకుంటాం, మర్నాడు నేరుగా ఆ గోడ ముందే వచ్చి కూర్చుంటాం, ఇక ఫోన్ తీయకుండా ఎలా ఉంటాం. లేచే ముందు రేపు మొదట చేయాల్సింది ఒక్క వాక్యం రాసి పెట్టుకోండి, అది కూడా "కథ కంటిన్యూ చేయాలి" అని కాదు, "తమ్ముడు గేటు తీసుకుని లోపలికొచ్చి అక్క మొహం చూడకుండా చెప్పులు విప్పుతాడు" అనేంత వివరంగా. దీనివల్ల ఇంకో లాభం ఉంది, మాసికాంపో, బామీస్టర్ అనే ఇద్దరు 2011లో చేసిన ప్రయోగాల్లో తేలింది ఏంటంటే మిగిలిపోయిన పని బుర్రలో తిరగడం ఆగాలంటే అది పూర్తవ్వాల్సిన అవసరం లేదట, ఎప్పుడు ఎలా చేస్తామో స్పష్టంగా ఒక ప్లాన్ రాసుకున్నా మనసు వదిలేస్తుందట. పైన చెప్పిన సగం మనిషి సమస్యకి నాకు తెలిసి ఇంతకన్నా తేలిక మందు లేదు, ఆఫీసు నుంచి లేచేటప్పుడు కూడా ఇదే చేయొచ్చు, రేపు పొద్దున మొదటి పని ఏంటో ఒక చీటీ మీద రాసి అక్కడే వదిలేసి రావడం.

టైమర్ పద్ధతి గురించి మీ వ్యాసంలో చాలా పొగిడారు. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఇటలీ స్టూడెంట్ టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ పెట్టుకుని మొదలుపెట్టిన పద్ధతి అది, 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. చదువుకి, ఈమెయిల్స్‌కి, కలరింగ్ లాంటి వాటికి భేషుగ్గా ఉంటుంది, నేను కాదనను. కానీ కథ అల్లేటప్పుడు అది అడ్డం కూడా పడుతుంది, 20 నిమిషాలు తన్నుకులాడి అప్పుడే ఏదో తెరుచుకుంటుంటే బెల్లు మోగుతుంది, లేస్తే పోయింది. నా సలహా ఏంటంటే దాన్ని కూర్చోవడానికి వాడుకోండి, లేవడానికి వాడుకోవద్దు. అలాగే ట్రాలప్ అనే ఇంగ్లీష్ నవలా రచయిత పోస్టాఫీసు ఉద్యోగం చేస్తూనే పొద్దున అయిదున్నరకే బల్ల ముందు కూర్చుని ఎదురుగా గడియారం పెట్టుకుని ప్రతి 15 నిమిషాలకీ 250 పదాలు లెక్కన రాసేవాడు, మొత్తం 47 నవలలు రాశాడు. వినడానికి బాగుంటుంది, అయితే ఆ లెక్క వెనకాల ఒకటుంది, ఏం రాయాలో ఆయన ముందే మనసులో తిప్పుకుని వచ్చి కూర్చునేవాడు. ఆ తిప్పుకోవడం లేకుండా పదాల లెక్క ఒక్కటే పట్టుకుంటే పేజీలు వస్తాయి గానీ కథ రాదు.

సరే ఫోన్ సంగతికే వస్తే, మరి దాన్ని ఎక్కడ పెట్టాలి? పక్క గదిలోనే అంటాను నేను. 2017లో ఏడ్రియన్ వార్డ్, ఆయన తోటివాళ్ళు దాదాపు 800 మంది మీద చేసిన ప్రయోగంలో ఫోన్ సైలెంట్‌లో ఉన్నా సరే బల్ల మీద ఉన్నవాళ్ళ కంటే వేరే గదిలో పెట్టి వచ్చినవాళ్ళు పరీక్షల్లో మెరుగ్గా చేశారు. తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ చేస్తే అన్నిసార్లూ అదే ఫలితం రాలేదు, కాబట్టి దాన్నే పట్టుకుని వేలాడక్కర్లేదు. నా లెక్క వేరే, బొమ్మలో ఆ చేతుల దగ్గర ఇరుక్కున్న క్షణంలో ఫోన్ చేతికి అందేంత దూరంలో ఉంటే అది నిర్ణయం కాదు, అలవాటు. లేచి వెళ్ళి తెచ్చుకోవాలంటే మధ్యలో నాలుగు అడుగులు ఉంటాయి, ఆ నాలుగు అడుగుల్లో ఎక్కడికి పోతున్నాను అని మనిషికి తట్టే అవకాశం ఉంది. దాంతోపాటు ఇరుక్కుంటే ఏం చేయాలో కూడా ముందే అనుకుని ఉండాలి, ఫలానా జరిగితే ఫలానా చేస్తాను అని ముందే అనుకున్నవాళ్ళు ఊరికే చేయాలి అనుకున్నవాళ్ళ కంటే ఎక్కువ పూర్తి చేస్తారని గోల్విట్జర్ అనే సైకాలజిస్టు 1999లో రాశారు. నేను అనుకున్నది ఇది, ఇరుక్కుంటే లేచి నడుస్తాను. ఊరికే కాదు, 2014లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు చేసిన ప్రయోగాల్లో కూర్చున్నప్పటి కంటే నడుస్తున్నప్పుడు కొత్త ఆలోచనలు బాగా ఎక్కువ వచ్చాయి, ట్రెడ్‌మిల్ మీద గోడకేసి చూస్తూ నడిచినవాళ్ళకి కూడా వచ్చాయి. ఇక్కడ ఒక్కటి మాత్రం చూసుకోవాలి, చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరి మాటలో వింటూ నడిస్తే లాభం లేదు, ఆగిన చోట ఖాళీ కావాలి, ఆ ఖాళీలోకి వేరేవాళ్ళ మాటలు పోసేస్తే మన మాట రావడానికి చోటు ఎక్కడుంటుంది. లేచిపోవడం అంతా డిస్ట్రాక్షన్ కాదండి, కిటికీలోంచి చూస్తూ కూర్చోవడం కూడా చాలాసార్లు పనే.

అయితే ఆ కిటికీ దగ్గరే ఇంకో తంటా, ఇది మనసుకి సంబంధించింది కాదు, ఇంట్లోవాళ్ళకి సంబంధించింది. కీబోర్డ్ టకటకలాడుతుంటే పని చేస్తోంది అనుకుంటారు, ఊరికే చూస్తూ కూర్చుంటే "ఖాళీగానే ఉన్నావుగా, కాస్త ఇటు రా" అంటారు. ఆ మాటలో చెడు ఏమీ లేదు, వాళ్ళకి కనపడదు అంతే. కానీ ఆ పిలుపు పోగొట్టేది రెండు నిమిషాలు కాదు, అప్పటిదాకా బుర్రలో కట్టుకున్నదంతా. పాల్ గ్రాహం అనే అమెరికన్ ప్రోగ్రామర్ 2009లో ఒక వ్యాసంలో దీన్ని చక్కగా విడగొట్టి చెప్పాడు, మేనేజర్లకి రోజు గంటల ముక్కలు, తయారుచేసేవాళ్ళకి కనీసం సగం పూట ఒక ముక్క, మధ్యలో ఒక్క మీటింగ్ పెట్టినా ఆ పూట రెండు చిన్న ముక్కలైపోయి దేనికీ పనికిరాదు అని. మాయా ఏంజెలో అనే అమెరికన్ రచయిత్రి రాయడానికి హోటల్లో గది తీసుకుని గోడల మీద పటాలు కూడా తీయించేసేవారు. అందరికీ అది కుదరదు, పిల్లలు ఉన్నవాళ్ళకి, పెద్దవాళ్ళని చూసుకునేవాళ్ళకి సగం పూట కాదు అరగంట దొరికితే అదే పండగ, అందులోనూ ఆడవాళ్ళకి. టోనీ మోరిసన్ అనే అమెరికన్ నవలా రచయిత్రి చిన్నపిల్లల్ని పెంచుతూ, పబ్లిషింగ్ కంపెనీలో ఎడిటర్‌గా ఉద్యోగం చేస్తూ, పిల్లలు అమ్మా అని లేవకముందే చీకట్లో లేచి రాసుకునేవారు. 1993లో నోబెల్ అందుకున్న మనిషి.

కాబట్టి ముక్కలుగా టైమ్ దొరికేవాళ్ళకి నేను చెప్పేది, మీ పనిని రెండు రకాలుగా విడగొట్టుకోండి. తర్వాత ఏంటో తెలిసిన పనులు కొన్ని ఉంటాయి, రంగులు నింపడం, అక్షరదోషాలు దిద్దడం, ఫైల్స్ సర్దడం, రికార్డింగ్‌లో దగ్గులు కత్తిరించడం. తెలీని పనులు కొన్ని ఉంటాయి, సీన్ అల్లడం, మొదటి స్కెచ్, పాట పల్లవి. 15 నిమిషాల ముక్కల్లో మొదటి రకం పెట్టండి, ఎవరైనా పిలిచినా పెద్దగా పోయేది ఏమీ లేదు. వారంలో దొరికే ఆ ఒకటో రెండో పొడుగు గంటలు మాత్రం రెండో రకానికి దాచుకోండి, వాటిని రంగులు నింపడానికి ఖర్చు పెట్టొద్దు, ఎంత తేలిగ్గా అనిపించినా. మనలో చాలామంది సరిగ్గా ఉల్టా చేస్తారు, మంచి గంట దొరకగానే ముందు ఈ చిల్లర అయిపోగొడదాం అని మొదలెడతారు. ఇంట్లోవాళ్ళకి కూడా డిస్టర్బ్ చేయొద్దు అని చెప్తే గాల్లో కలిసిపోతుంది, ఎనిమిది నుంచి తొమ్మిది దాకా నేను లేనట్టే, తొమ్మిదికి నేనే బయటికొస్తాను అని చెప్తే వాళ్ళకీ సులువు, తొమ్మిదికి నిజంగా బయటికి వస్తే తర్వాతి రోజు నమ్ముతారు.

చేసింది జనానికి చూపించడం గురించి ఒక్క మాట. ఈరోజుల్లో గీసేవాళ్ళనీ రాసేవాళ్ళనీ రోజూ ఏదో ఒకటి పోస్ట్ చేయమని అందరూ చెప్తున్నారు, బొమ్మ గీస్తుండగా వీడియో తీసి పెట్టమంటున్నారు. పని వచ్చేది కూడా అక్కడి నుంచే కాబట్టి మానెయ్యమని అనలేను. కానీ పోస్ట్ పెట్టిన తర్వాత ఆ గంటలో ఎవరూ పని చేయలేరు, ఎవరు చూశారు, ఏమన్నారు అని మనసు అటే లాగుతుంది. అందుకని పోస్ట్ చేసేది పని అయిపోయాక, పడుకునే ముందు కాకుండా, బయటికి వెళ్ళే ముందు పెట్టుకుంటే మంచిది. సగం అయిన బొమ్మని చూపించడం అయితే నాకు అస్సలు నచ్చదు, మెచ్చుకోళ్ళు ముందే వచ్చేస్తే పూర్తి చేయాలన్న దురద తగ్గిపోతుంది.

చివరికి మీ పత్రికని అడగాల్సినవి రెండు ఉన్నాయండి. ఒకటి, ఈ విషయం మీద ఇకముందు వేసేటప్పుడు సలహాల వ్యాసాల బదులు నిజంగా పని చేసుకునేవాళ్ళ రోజు ఎలా గడుస్తుందో వాళ్ళ చేతనే రాయించండి, ఉద్యోగం చేస్తూ రాసేవాళ్ళు, పిల్లల్ని చూసుకుంటూ గీసేవాళ్ళు, ఏ టైమ్‌లో కూర్చుంటారు, ఎక్కడ ఇరుక్కుంటారు, అప్పుడు ఏం చేస్తారు. గొప్పవాళ్ళే అక్కర్లేదు, మొదటి కథ అచ్చయినవాళ్ళైనా చాలు.

రెండోది మీ యాప్. ఉదయం నుంచి రాత్రి దాకా అది మోగుతూనే ఉంటుంది, ఎవరో నటుడి పెళ్ళి మాట కూడా బ్రేకింగ్ అనే వస్తుంది, నిజంగా వరద హెచ్చరిక వచ్చిన రోజు కూడా అదే చప్పుడుతో వస్తుంది. ఆపేస్తే పోదా అంటారేమో, నిజంగా కావాల్సిన వార్త కూడా పోతుందని భయం. 2019లో అచ్చయిన ఒక పరిశోధనలో నోటిఫికేషన్లు ఎప్పటికప్పుడు కాకుండా రోజుకి మూడుసార్లు కట్టగట్టి వచ్చేలా చేసినవాళ్ళకి ఏకాగ్రత, మనసు నెమ్మది రెండూ మెరుగయ్యాయి, పూర్తిగా ఆపేసినవాళ్ళకి మాత్రం ఏం మిస్సవుతున్నామో అని కంగారు పెరిగింది. కాబట్టి పాఠకులు కోరుకుంటే వార్తలన్నీ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు కట్టలుగా వచ్చేలా, ప్రాణాల మీదకి వచ్చే హెచ్చరికలు మాత్రం వెంటనే వచ్చేలా సెట్టింగ్స్‌లో ఒక ఆప్షన్ పెట్టండి. టెక్నికల్‌గా పెద్ద కష్టం కాదనుకుంటా, మీకు క్లిక్కులు కొన్ని తగ్గొచ్చు, ఆ సంగతి తెలిసే అడుగుతున్నాను. మనసు నిలుపుకోవడం ఎలా అని పాఠకులకి చెప్పే పత్రిక ఇది చేయగలదనే నా ఆశ, మీ జవాబు ఇదే పేజీలో వేస్తే నాలాంటివాళ్ళు చాలామంది చదువుతారు.

ఇట్లు,
రాత్రిళ్ళు బొమ్మలేసుకునే మీ పాఠకురాలు